రాని పిలుపుకు అర్థం వెతికిన కుటుంబం: అలుమ్నీ ఇంటర్వ్యూ ఆందోళనపై ఒక కేస్ స్టడీ

అమెరికాలో ప్రవేశం కష్టంగా దొరికే విశ్వవిద్యాలయాలు కొన్నింటిలో, దరఖాస్తు పెట్టిన విద్యార్థిని అక్కడే చదివి వెళ్లిన పూర్వ విద్యార్థి ఒకరు కలిసి, అరగంటో గంటో మాట్లాడి, తన అభిప్రాయాన్ని అడ్మిషన్స్ ఆఫీసుకు రాసి పంపే పద్ధతి చాలా కాలంగా ఉంది. దీన్నే అలుమ్నీ ఇంటర్వ్యూ అంటారు. ఇది అందరికీ రాదు. రానివారి ఇళ్లలో జనవరి, ఫిబ్రవరి నెలలు ఎంత బరువుగా గడుస్తాయో, న్యూజెర్సీలోని తెలుగు కుటుంబాల పిల్లలకు కాలేజీ దరఖాస్తుల్లో సలహాదారుగా పనిచేస్తున్న నేను ఏటా చూస్తున్నాను. అలాంటి ఒక కుటుంబం గురించి, వారి అనుమతితో, ఇక్కడ రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. ఆ అమ్మాయి దరఖాస్తు చేసిన విశ్వవిద్యాలయాల పేర్లు చెప్పడం లేదు. కింద పేర్లు కనిపించిన చోట అవి ఆయా సంస్థల పద్ధతులను వివరించడానికి మాత్రమే.

విద్యార్థిని, కుటుంబం

అమ్మాయి మిడిల్‌సెక్స్ కౌంటీలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో పన్నెండో తరగతి చదువుతోంది. తండ్రిది గుంటూరు జిల్లా. ఎం.సి.ఏ. చేసి, హైదరాబాద్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, హెచ్-1బి వీసాపై వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తల్లి ఒక మందుల కంపెనీలో నాణ్యతా విభాగంలో పనిచేస్తారు. ఏడో తరగతి చదివే తమ్ముడు ఉన్నాడు. అమ్మాయికి కెమిస్ట్రీ అంటే ప్రాణం. రారిటన్ నదిలో నీటి నమూనాలు సేకరించి పరీక్షించే స్వచ్ఛంద బృందంతో రెండు వేసవులు పనిచేసింది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సులు, మార్కులు, ఉపాధ్యాయుల సిఫార్సు లేఖలు అన్నీ బలంగానే ఉన్నాయి. కొత్తవారి ముందు మొదట నెమ్మదిగా మాట్లాడుతుంది, విషయం దొరికాక ఆగదు. ఈ ఒక్క సంగతీ తరువాత కథలో ముఖ్యమవుతుంది, ఎందుకంటే తమ కూతురి అసలు స్వభావం కాగితం మీద కనిపించదనీ, ఎవరైనా ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుందనీ తల్లిదండ్రులు గట్టిగా నమ్మారు.

నవంబర్ 1 గడువుతో ఆమె ఒక విశ్వవిద్యాలయానికి ఎర్లీ యాక్షన్ అనే ముందస్తు విడత కింద దరఖాస్తు పెట్టింది. డిసెంబర్ మధ్యలో నిర్ణయం వచ్చింది: తీసుకోలేదు, కాదనలేదు, రెగ్యులర్ విడతలో మరోసారి చూస్తామని వాయిదా వేశారు. ఆ విడతలో ఆమెకు ఇంటర్వ్యూ రాలేదు. ఇంటర్వ్యూ రాకపోవడం వల్లే వాయిదా పడిందని ఇంట్లో ఆ రోజే తేల్చేసుకున్నారు. జనవరి మొదట్లో మిగతా దరఖాస్తులన్నీ వెళ్లిపోయాయి. మొత్తం జాబితాలో అలుమ్నీ ఇంటర్వ్యూలు జరిపేవి, వాయిదా వేసిన దానితో కలిపి, నాలుగు.

తల్లి నాకు ఫోన్ చేసింది జనవరి మూడో వారంలో. అదే కెమిస్ట్రీ క్లాసులో ఉన్న అమ్మాయి స్నేహితురాలికి రెండు చోట్లనుంచి ఇంటర్వ్యూ ఈమెయిల్స్ వచ్చాయి. ఈమెకు ఒక్కటీ రాలేదు. రాత్రి ఒంటిగంట దాటాక కూడా లేచి స్పామ్ ఫోల్డర్ చూస్తోందని, అప్లికెంట్ పోర్టల్స్ ఒకదాని తరువాత ఒకటి తెరిచి మూస్తోందని, మధ్య సంవత్సరపు పరీక్షలకు చదవడం లేదని, తమ్ముడు పలకరిస్తే కసురుకుంటోందని తల్లి చెప్పారు. అడ్మిషన్స్ ఆఫీసులకు పంపడానికి అమ్మాయి ఈమెయిల్స్ కూడా రాసి పెట్టుకుంది. వాటిలో ఒకదాని మొదటి వాక్యం, తన దరఖాస్తులో ఏ లోపం వల్ల ఇంటర్వ్యూ ఇవ్వలేదో తెలుసుకోవచ్చా అన్నది.

తండ్రి మరో దారిలో వెళ్లారు. గుళ్లో సేవ చేసేవారి ద్వారా, తెలుగు సంఘంలో తెలిసినవారి ద్వారా, ఆఫీసు పరిచయాల ద్వారా ఆ నాలుగు విశ్వవిద్యాలయాల్లో చదివినవారు ఎవరున్నారో కనుక్కోవడం మొదలుపెట్టారు. చివరికి తన కంపెనీలో పై స్థాయిలో ఉన్న ఒకాయన దొరికారు. మా అమ్మాయిని మీరు ఇంటర్వ్యూ చేసి మీ కాలేజీకి ఒక మాట రాయండి అని ఆయనను అడిగేశారు కూడా.

ఆందోళన వేళ్లు

ఇలాంటి ఇంటికి వెళ్లినప్పుడు మొదట నేను విషయం చెప్పను, అడుగుతాను. ఇంటర్వ్యూ పిలుపు అంటే మీ లెక్కలో ఏమిటి అని ఇద్దరినీ విడివిడిగా అడిగాను.

తండ్రి జవాబు తడుముకోకుండా వచ్చింది. ఎం.సి.ఏ. చివరి ఏడాదిలో కంపెనీ రాత పరీక్ష పెట్టి, సాయంత్రానికి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించేది. అందులో పేరున్నవారికే మరునాడు ఇంటర్వ్యూ. పేరు లేనివారు రాత్రి బస్సుకే ఇంటికి వెళ్లిపోయేవారు. ఐ.ఐ.ఎం. పిలుపు క్యాట్ స్కోరు చూసి వస్తుంది. సివిల్స్‌లో మెయిన్స్ దాటినవారినే మౌఖిక పరీక్షకు పిలుస్తారు, 2025 మార్కుల మొత్తంలో 275 దానివి. ఆయన పెరిగిన వ్యవస్థలన్నింటిలోనూ పిలుపు వచ్చిందంటే వడపోతలో నిలిచినట్టు, రాలేదంటే వడపోతలో పోయినట్టు. ఆ అనుభవంలో అబద్ధం ఏమీ లేదు. దాన్ని ఆయన ఎత్తి తెచ్చి వేరే నియమాలున్న చోట పెట్టారు, అంతే. తెలుగు తల్లిదండ్రులతో పనిచేసే సలహాదారులు ఈ సంగతిని అజ్ఞానంగా చూడకూడదని నా గట్టి అభిప్రాయం. పాతికేళ్లపాటు నిజంగా పనికొచ్చిన జ్ఞానం అది.

అమ్మాయి జవాబు వేరు. "నాకేం తెలుసు ఆంటీ, వాళ్లకి నేను నచ్చలేదేమో" అంది. తండ్రి దృష్టిలో అది ర్యాంకు. కూతురి దృష్టిలో అది మనిషిగా తనపై వచ్చిన తీర్పు. డిసెంబర్ వాయిదా ఇంకా మానని గాయంగా ఉండగా, స్నేహితురాలి పిలుపు దాన్ని రేపింది. ఒకే ఇంట్లో ఒకే మౌనానికి ఇద్దరు రెండు అర్థాలు చెప్పుకున్నారు కాబట్టి ఒకే సమాధానం ఇద్దరికీ సరిపోదు.

వీటికి తోడు వాట్సాప్‌లో తిరిగే ఒక అంకె. ఎం.ఐ.టి.లో ఇంటర్వ్యూ అయినవారిలో నూటికి పది మందికి పైగా, కానివారిలో నూటికి ఒక్కరే చేరతారని తండ్రి నాకు చూపించారు. దీని మూలం నాకు తెలుసు. గతంలో ఎం.ఐ.టి. తన వెబ్‌సైట్‌లోనే అలాంటి పోలిక ప్రచురించింది. అందులో ఒక పక్క ఉన్నది ఇంటర్వ్యూ చేసినవారూ, ఇంటర్వ్యూ ఏర్పాటు చేయలేక సంస్థే మినహాయింపు ఇచ్చినవారూ కలిసిన వర్గం. వారిలో దాదాపు 11 శాతం మందికి సీటు వచ్చింది. రెండో పక్క ఉన్నది వీలుండి కూడా ఇంటర్వ్యూ వద్దనుకున్నవారు. వారిలో 1 శాతం. అంటే పిలుపు రాని పిల్లలు మొదటి వర్గంలోనే ఉన్నారు. చేతులు మారుతున్న కొద్దీ ఆ "మినహాయింపు" అన్న మాట రాలిపోయి, మిగిలిన సగం అంకె ఇళ్లలో భయంగా స్థిరపడింది.

ముందు తేల్చుకోవలసినవి

ధైర్యం చెప్పే ముందు నిజం తెలుసుకోవాలి. ఆ నాలుగు విశ్వవిద్యాలయాల అధికారిక పేజీలు తెరిచి, కుటుంబంతో కలిసి ఒక్కో వాక్యం చదివాను. ఈ పని విసుగనిపించినా దీనికి సమయం పెట్టాలి, ఎందుకంటే పద్ధతి ఒక్కో చోట ఒక్కో రకం.

మొదటిది సంఖ్యల సంగతి. 2024లో చేరే తరగతి కోసం యేల్‌కు 57,465 దరఖాస్తులు వచ్చాయి, 2,146 మందిని తీసుకున్నారు. అదే ఏడాది హార్వర్డ్‌కు 54,008 వచ్చాయి, 1,937 మందిని తీసుకున్నారు. ఎం.ఐ.టి.కి 28,232 వచ్చాయి, 1,275 మందిని తీసుకున్నారు. ఈ దరఖాస్తుదారులతో మాట్లాడేది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. ఉద్యోగాలు, పిల్లలు, ప్రయాణాల మధ్య సాయంత్రాలు కేటాయించేవారు. ఎం.ఐ.టి. వారిని ఎడ్యుకేషనల్ కౌన్సెలర్లు అంటుంది. ఒక ప్రాంతంలో ఎంతమంది పిల్లలు దరఖాస్తు పెట్టారు, ఎంతమంది పూర్వ విద్యార్థులు ఆ ఏడాది ఈ పనికి సిద్ధంగా ఉన్నారు అన్న నిష్పత్తి మీదే చాలావరకు పిలుపు ఆధారపడుతుంది. పూర్వ విద్యార్థులు తక్కువగా ఉండే ఊళ్లలో పిలుపులు రావు అని అందరూ అనుకుంటారు. మా ఎడిసన్ చుట్టుపక్కల లాగా పూర్వ విద్యార్థులు ఉండీ, దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు ఉండే చోట కూడా రావు. వీడియో కాల్స్ అలవాటయ్యాక దూరం అడ్డు తగ్గింది గానీ మనుషుల కొరత తగ్గలేదు.

రెండోది, ఇంటర్వ్యూ చేసే మనిషి చేతిలో ఏముంటుందన్నది. సాధారణంగా ఆయనకు విద్యార్థి పేరు, స్కూలు, సంప్రదించే వివరాలు, ఏ సబ్జెక్టులో ఆసక్తి ఉందన్నంత వరకే ఇస్తారు. మార్కులు, వ్యాసాలు, సిఫార్సు లేఖలు చూపించరు. తండ్రితో నా సంభాషణలో మలుపు ఇక్కడే వచ్చింది.

"పిలవలేదంటే లిస్టులో లేనట్టే కదా మేడమ్?"

"మీ రోజుల్లో లిస్టు వేసినవాళ్లు ముందే మార్కులు చూశారండీ. ఇక్కడ మీ అమ్మాయికి ఫోన్ చేయాల్సిన మనిషి ఆమె మార్కులే చూడలేదు. చూడనివాడు వడపోత ఎలా పోస్తాడు?"

ఆయన కాసేపు ఆలోచించి, "మరి ఎవరికి చేయాలో చెప్పేది ఆఫీసువాళ్లే కదా" అన్నారు. ఇది సరైన ప్రశ్న. దీనికి తేలిక జవాబు లేదు, ఉన్నట్టు నటించకూడదు. ఎం.ఐ.టి. తన పేజీలో, ఇంటర్వ్యూ ఏర్పాటు చేయలేకపోతే మినహాయింపు ఇస్తామనీ, దానివల్ల దరఖాస్తుకు నష్టం ఉండదనీ చెబుతుంది. హార్వర్డ్ కూడా ఇంటర్వ్యూ లేని దరఖాస్తును పూర్తి దరఖాస్తుగానే పరిశీలిస్తానంటుంది. యేల్ మాత్రం, ఎవరి గురించి కమిటీకి ఇంకా సమాచారం కావాలో వారికి ఇంటర్వ్యూల్లో ప్రాధాన్యం ఇస్తానని చెబుతూ, రానివారికి నష్టం లేదని కూడా అంటుంది. అలాంటి చోట పిలుపు రాకపోతే, ఫైలులో కావలసినంత సమాచారం ఇప్పటికే ఉందని కావచ్చు; దరఖాస్తు పోటీలో వెనకపడిందని కావచ్చు; మనిషి దొరకలేదని కావచ్చు. తండ్రికి ఈ మూడూ చెప్పాను. "అంటే ఏదైనా కావచ్చన్నమాట" అన్నారు. అవును, ఏదైనా కావచ్చు, బయటనుంచి వేరుచేసి చూడలేం. అందుకే దాన్నిబట్టి ఏ పనీ చేయకూడదు, ఏ పనీ మానకూడదు అన్నాను.

మూడోది, బరువు. దీనికి నేను వాడే సాధనం కామన్ డేటా సెట్. చాలా విశ్వవిద్యాలయాలు ఏటా ప్రచురించే ఈ పత్రంలో సి7 అనే విభాగం ఉంటుంది. అక్కడ మార్కులు, వ్యాసం, సిఫార్సులు, ఇంటర్వ్యూ వంటి ఒక్కో అంశానికీ ఎదురుగా చాలా ముఖ్యం, ముఖ్యం, పరిగణిస్తాం, పరిగణించం అన్న గడుల్లో సంస్థే గుర్తు పెడుతుంది. అమ్మాయి జాబితాలోని నాలుగింటి పత్రాలూ తెరిచాం. ఎక్కువ చోట్ల ఇంటర్వ్యూ ఎదురుగా "పరిగణిస్తాం" గడిలో, కోర్సుల కాఠిన్యం, మార్కుల ఎదురుగా "చాలా ముఖ్యం" గడిలో గుర్తులున్నాయి. తల్లి ఆ పేజీని ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద పెట్టారు. నా మాటలు చేయలేని పని ఆ గడులు చేశాయి, ఎందుకంటే అవి సంస్థ స్వయంగా పెట్టిన గుర్తులు.

కొన్ని సంస్థలు ఈ ఇంటర్వ్యూలనే వదిలేశాయి. బ్రౌన్ వాటి స్థానంలో విద్యార్థి స్వయంగా పంపే చిన్న వీడియోను తీసుకుంటోంది. కొలంబియా అలుమ్నీ ఇంటర్వ్యూలు ఆపేసింది. ప్రవేశం మొత్తం దీనిమీదే ఆధారపడి ఉంటే ఇలా వదిలేయడం సాధ్యం కాదని అమ్మాయే అంది.

తండ్రి లేవనెత్తిన ఇంకో విషయం దగ్గర ఆగాలి. ఆసియా మూలాలున్న విద్యార్థుల తరఫున హార్వర్డ్‌పై 2014లో దావా పడింది, 2018లో బోస్టన్ ఫెడరల్ కోర్టులో విచారణ జరిగింది, 2023 జూన్ 29న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అడ్మిషన్స్ సిబ్బంది చదువు, ఇతర కార్యక్రమాలు, ఆటలు, వ్యక్తిత్వం వంటి వాటికి విడివిడిగా రేటింగ్ ఇస్తారనీ, పూర్వ విద్యార్థి ఇచ్చే రేటింగ్ వేరుగా ఉంటుందనీ ఆ విచారణలో బయటపడింది. పిల్లలను ఎప్పుడూ చూడని సిబ్బంది ఆసియా విద్యార్థుల వ్యక్తిత్వానికి తక్కువ రేటింగ్ ఇచ్చారని, ఎదురుగా కలిసి మాట్లాడిన పూర్వ విద్యార్థులు అలా ఇవ్వలేదని దావా వేసిన పక్షం వాదించింది. "అందుకే మన పిల్లలకి ఇంటర్వ్యూ ఇంకా ఎక్కువ కావాలి" అన్నది ఆయన మాట. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. కాకపోతే కోరినవారికి ఇంటర్వ్యూ ఇచ్చే ఏర్పాటు ఆ నాలుగింటిలో లేదు. అమ్మాయి ఎలాంటి మనిషో చెప్పే పని దరఖాస్తులో ఇంకెవరు చేశారో చూడడమే మిగిలింది. నది గురించి ఆమె రాసిన వ్యాసం మళ్లీ చదివాం. నెమ్మదిగా మొదలై ఆగకుండా సాగే ఆమె మాటతీరు అందులో అలాగే ఉంది. తాము ఎవరూ చూడరనుకున్న కూతురు ఆ రెండు పేజీల్లో స్పష్టంగా కనిపిస్తోందని తల్లి ముందు గమనించారు.

చేసిన పని

సమాచారం ఆందోళనను కొంత తగ్గిస్తుంది, అలవాటును తగ్గించదు. రాత్రి ఒంటిగంటకు స్పామ్ ఫోల్డర్ తెరిచే చెయ్యి సి7 పట్టిక చూసి ఆగదు. అందుకని మొదట, నిజంగా పిలుపు వస్తే అందుతుందా అన్నది పరీక్షించాం. ఇక్కడ రెండు లోపాలు దొరికాయి. ఆమె ఫోన్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా ఉండే ఏర్పాటు ఆన్ చేసి ఉంది, వాయిస్ మెయిల్ పెట్టుకోనే లేదు. రెండోది, దరఖాస్తుల్లో ఇచ్చిన ఈమెయిల్ పాస్‌వర్డ్ తండ్రి దగ్గర కూడా ఉంది. ఆయన ఆఫీసులో కూర్చుని రోజంతా తెరుస్తూ ఉండడం వల్ల కొత్త ఉత్తరాలు చదివేసినట్టు కనిపించి, ఆమె కంటపడకుండా పోయే ప్రమాదం ఉంది. ఈ వయసు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ముందు ఈ రెండూ చూడమని చెబుతాను. ఫోన్ ఏర్పాటు మార్చాం, వాయిస్ మెయిల్‌లో ఆమె గొంతుతో పేరు రికార్డు చేశాం, తండ్రి తన ఫోన్‌లోంచి ఆ ఈమెయిల్ తీసేశారు. అది ఆయనకు చాలా కష్టమైంది.

తరువాత చూడడానికి ఒక వేళ పెట్టుకున్నాం. స్కూలు నుంచి వచ్చాక ఒకసారి ఇన్‌బాక్స్, స్పామ్, పోర్టల్స్ చూసి మూసేయడం. ఉత్తరం వస్తే ఒక రోజులోపల జవాబివ్వడం. ఇంటర్వ్యూ చేసేవారు సాధారణంగా కొన్ని రోజుల వ్యవధి ఇస్తారు గనుక అర్ధరాత్రి చూడడం వల్ల అదనంగా దక్కేది ఏమీ లేదని ఆమెకు అర్థమైంది. మొదటి వారం రెండు రోజులు తప్పింది. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆమె రాసి పెట్టుకున్న ఈమెయిల్స్ గురించి మాట్లాడాం. ఆ ఉత్తరం వెళితే ఏం జవాబు వస్తుందో నువ్వే రాయి అన్నాను. అందరికీ ఇంటర్వ్యూ ఇవ్వలేమనీ, రాకపోతే నష్టం లేదనీ, వారి పేజీలో ఉన్న వాక్యాలనే ఆమె రాసింది. అప్పుడు ఆ డ్రాఫ్టులు ఆమే తీసేసింది. వాటి బదులు పంపదగిన కొత్త సంగతి ఏమైనా ఉందా అని వెతికితే, ఒకటి ఉంది. తమ బృందం సేకరించిన నీటి ఫలితాలను జనవరిలో ఆమె మా టౌన్‌షిప్ ఎన్విరాన్‌మెంటల్ కమిషన్ ముందు వివరించింది. దరఖాస్తు వెళ్లిన తరువాత జరిగింది కాబట్టి అది ఎక్కడా లేదు. అదనపు సమాచారం తీసుకునే పోర్టల్స్‌లో దాన్ని చిన్న పేరాగా చేర్చింది. ఇంటర్వ్యూ మాట అందులో ఎత్తలేదు.

తండ్రి తన కంపెనీ అధికారిని అడిగిన విషయం సున్నితమైంది. ఇంటర్వ్యూలు అడ్మిషన్స్ ఆఫీసు లేదా దాని తరఫున పనిచేసే పూర్వ విద్యార్థుల కమిటీ కేటాయిస్తుంది. ఎవరికి వారు ఏర్పాటు చేసుకున్న సంభాషణకు ఇంటర్వ్యూ నివేదిక హోదా ఉండదు. పరిచయం ఉన్న కుటుంబాల పిల్లల విషయంలో పక్కకు తప్పుకోవడం ఇంటర్వ్యూ చేసేవారి మర్యాద. పైగా ఆఫీసులో పై అధికారిని ఇలాంటి ఇబ్బందిలో పెట్టడం ఎవరికీ మంచిది కాదు. ఇవన్నీ చెప్పాక ఆయన వాదించలేదు. కానీ, "నేను చేతులు కట్టుకుని కూర్చుంటే ఆమెకి నేనేం చేసినట్టు?" అని అడిగారు. ఆ ప్రశ్న వెనుక ఉన్నది ప్రేమ. దానికి పని చూపించాలి. మధ్య సంవత్సరపు మార్కుల నివేదిక స్కూలు నుంచి అన్ని విశ్వవిద్యాలయాలకూ వెళ్లిందో లేదో కనుక్కోవడం, ఆర్థిక సహాయ పత్రాల గడువులు చూసుకోవడం ఆయనకు అప్పగించాను. రెండూ నిజంగా అవసరమైన పనులు, రెండిటిలోనూ ఆయన దిట్ట. మరునాడే అధికారితో మాట్లాడి తన కోరిక వెనక్కి తీసుకున్నారు.

నేను మానసిక వైద్యురాలిని కాను. నిద్ర చెడడం, చదువు ఆగిపోవడం అనేవి నా పరిధి దాటగల సంగతులు కనుక, తల్లి, అమ్మాయి ఇద్దరి అంగీకారంతో స్కూలు కౌన్సెలర్‌కు తెలియజేశాను. ఆ కౌన్సెలర్ అమ్మాయిని వారానికోసారి కలిసి మాట్లాడారు. తిండి తగ్గినా, స్కూలుకు వెళ్లనన్నా, రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోయినా వైద్య సలహా తీసుకోవాలని ముందే అనుకున్నాం. ఆ అవసరం రాలేదు. మధ్య సంవత్సరపు పరీక్షల్లో కెమిస్ట్రీ, లెక్కలు బాగానే రాసింది. చరిత్రలో గ్రేడు కాస్త తగ్గింది.

ఫిబ్రవరిలో వచ్చిన పిలుపు

ఫిబ్రవరి రెండో వారంలో నాలుగింటిలో ఒక చోటనుంచి ఉత్తరం వచ్చింది, వీడియో కాల్‌లో మాట్లాడుదామని. ఇంట్లో పండగ. ఆ సంతోషం ఒక్క సాయంత్రమే నిలిచింది. మరునాటికి పిలుపు రాలేదన్న భయం పోయి, వచ్చింది పాడుచేసుకుంటుందేమోనన్న భయం వచ్చింది. తండ్రి ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేశారు. మేనమామ టెక్సస్ నుంచి మాక్ ఇంటర్వ్యూ చేస్తానన్నారు. పిలుపే ఎంపిక అని నమ్మిన ఇంట్లో, పిలుపు వచ్చినప్పుడు దాని బరువు ఇంకా పెరుగుతుంది. ఆందోళన ఎక్కడికీ పోదు. మూడు నాలుగు ప్రశ్నల గురించి మాత్రం ఆమెతో మాట్లాడి, మిగతావన్నీ ఆపించాను. ఏం చదవాలనుకుంటున్నావు, ఎందుకు. ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తావు. ఆ విశ్వవిద్యాలయం గురించి నువ్వు నిజంగా తెలుసుకోవాలనుకునేది ఏమిటి. ఇంటర్వ్యూ రోజు తలుపు మూసి, ఇంట్లో ఎవరూ పక్క గదిలో కూర్చుని వినకూడదని ఒప్పించాను. సంభాషణ అనుకున్న సమయం దాటి సాగింది, ఎక్కువ భాగం నది గురించే. మార్కుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదని అమ్మాయి ఆశ్చర్యపోయింది.

మార్చి చివర్లో నిర్ణయాలు వచ్చాయి. ఇంటర్వ్యూ జరిగిన చోట తీసుకోలేదు. జరగని మూడింటిలో రెండు చోట్ల తీసుకోలేదు, ఒక చోట వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు, తరువాత అక్కడా రాలేదు. ఇంటర్వ్యూలే లేని మూడు విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చింది. వాటిలో మా రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఒకటి. అక్కడి ఆనర్స్ విభాగంలో చేరడానికి మే 1 గడువులోపల ఆమె అంగీకారం తెలిపింది. స్నేహితురాలికి పిలుపు వచ్చిన రెండు చోట్లా సీటు రాలేదు.

తండ్రి ఏప్రిల్‌లో కలిసినప్పుడు, "చూశారా మేడమ్, పిలవని చోట రానే లేదు" అన్నారు. పిలిచిన చోట కూడా రాలేదు కదా అని నేను గుర్తుచేశాను. అంతకంటే ముఖ్యంగా, వందమందిలో నలుగురైదుగురికే సీటు వచ్చే చోట్ల నాలుగు ఫలితాలు చూసి, ఇంటర్వ్యూ వల్ల ఏం జరిగిందో చెప్పడం కుదరదని కాగితం మీద లెక్క వేసి చూపించాను. అందరికీ ఇంటర్వ్యూ జరిగినా దాదాపు అందరూ తిరస్కరణ పొందే పరిస్థితి అది. ఆయన పూర్తిగా ఒప్పుకున్నారని నేను అనుకోను. కొడుకు ఇంకా ఏడో తరగతే కాబట్టి ఈ సంభాషణ మళ్లీ జరుగుతుంది.

తోటి సలహాదారులతో రెండు మాటలు

ఇలాంటి కుటుంబంతో అందరూ అనే మాట "ఇంటర్వ్యూకి విలువేం లేదు, వదిలేయండి" అని. ఆ మాట నేను అనను, రెండు కారణాల వల్ల. ఒకటి, అది నిజం కాదు. పరిగణిస్తామని సంస్థే గుర్తు పెట్టిన అంశానికి విలువ లేదనడం మన మాటకున్న నమ్మకాన్ని పోగొట్టుకోవడం. మరో ఇంటి పిల్లకు ఇంటర్వ్యూ జరిగి సీటు వస్తే, మనం చెప్పిన మిగతా నిజాలను కూడా ఆ తల్లిదండ్రులు నమ్మరు. రెండోది, ఆ మాట విన్న విద్యార్థి, తరువాత పిలుపు వస్తే జవాబివ్వకుండా ఊరుకోవచ్చు. సంస్థ ఇవ్వలేకపోయిన ఇంటర్వ్యూ, విద్యార్థి కాదన్న ఇంటర్వ్యూ ఒకటి కావు. విద్యార్థి చూపే ఆసక్తిని లెక్కలోకి తీసుకునే కాలేజీల్లో రెండోది నష్టం చేయగలదు. ఎం.ఐ.టి. పాత అంకెలోని తేడా కూడా దీని గురించే.

నేను చెప్పేది ఇంత: రాని పిలుపులో మీ అమ్మాయి గురించిన సమాచారం ఉండవచ్చు, ఉండకపోవచ్చు, మనం చదవలేం, చదవగలిగినవి మార్కుల నివేదిక, గడువులు, కొత్తగా జరిగిన పని. ఇది వినడానికి ఊరటగా ఉండదు. అయినా కుటుంబం దీనిమీద నిలబడగలుగుతుంది, ఎందుకంటే ఫిబ్రవరిలో పిలుపు వచ్చినా, మార్చిలో ఏ ఫలితం వచ్చినా దీన్ని మార్చుకోవలసిన అవసరం రాదు.

ఈ సంభాషణకు సరైన కాలం జనవరి కాదు, అక్టోబర్. జాబితా తయారయ్యే రోజుల్లోనే ఒక్కో విశ్వవిద్యాలయం ఎదురుగా నాలుగు సంగతులు రాయిస్తాను: ఇంటర్వ్యూలు ఉన్నాయా, ఉంటే ఎవరు కేటాయిస్తారు, విద్యార్థి కోరుకునే వీలుందా, సి7లో గుర్తు ఏ గడిలో ఉంది. ఆ కాగితం తల్లిదండ్రుల చేతిరాతతోనే ఉండాలని పట్టుబడతాను. ఫోన్, వాయిస్ మెయిల్, ఈమెయిల్ పరీక్ష దరఖాస్తు పంపే వారంలోనే చేయిస్తాను. ఫలానా ఇంట్లో పిలుపు వచ్చిందన్న వార్త జనవరిలో అందినప్పుడు, మొదట ఆ కాగితం తీసి చూసి, దానిలో జవాబు దొరకని ప్రశ్న ఉంటేనే నాకు ఫోన్ చేయమంటాను.